కింగ్స్‌బరీ గోడమీద గాయకుడు

గొప్పవారికి విగ్రహము నిలుపుట, వీధికి వారి పేరు పెట్టుట మనకు తెలిసిన పద్ధతులే. ఇప్పుడు మరొక పద్ధతి కూడా అనేక దేశాలలో వ్యాపించింది. వీధిలోని ఒక పక్కగోడను రంగులతో నింపి, ఆ వ్యక్తి రూపమును పెద్దదిగా చిత్రిస్తారు. దీనిని కుడ్యచిత్రము అంటారు. మ్యూజియములోని బొమ్మను చూడాలంటే మనము అక్కడికి పోవాలి. గోడమీది బొమ్మ రొట్టె కొనడానికి పోయేవారికీ, బస్సు కొరకు నిలిచినవారికీ తానే కనిపిస్తుంది. దానికి టిక్కెట్టు లేదు, తలుపు లేదు.

లండన్ నగరములో వాయవ్య దిక్కున బ్రెంట్ అనే ప్రాంతము ఉంది. అందులో కింగ్స్‌బరీ ఒక పేట. 2020లో బ్రెంట్‌లో జరిగిన కళోత్సవము కొరకు డాన్ మెల్లర్ గారు కింగ్స్‌బరీ రోడ్డులో జార్జ్ మైకేల్ కుడ్యచిత్రమును రూపొందించారు. ఈ పాప్ గాయకుడు బాల్యములో పెరిగినది ఆ పేటలోనే.

పాప్ గాయకునితో మనకేమి పని అని పెద్దలు అడగవచ్చును. అతని అసలు పేరు వినండి: యోర్గోస్ కిరియాకోస్ పనయోటూ. తండ్రి సైప్రస్ ద్వీపమునకు చెందిన గ్రీకు జాతివారు. 1950లలో ఇంగ్లండుకు వలస వచ్చి, భోజనశాల నడిపి కుటుంబమును పోషించారు. తల్లి ఆంగ్లేయురాలు. అప్పుడు సైప్రస్ కూడా మన మారిషస్ వలె బ్రిటిష్ పాలనలోని ద్వీపమే. దానికి 1960లోను, మనకు 1968లోను స్వాతంత్ర్యము వచ్చినది.

1963లో జన్మించిన ఆ బాలుడు 1980లలో స్నేహితునితో కలిసి "వామ్!" అనే బృందముగా పాడి ప్రసిద్ధుడైనాడు. తరువాత ఒంటరిగా పాడిన "ఫెయిత్" ఆల్బమునకు 1989లో గ్రామీ బహుమానము లభించినది. 1984 నాటి "లాస్ట్ క్రిస్మస్" రాబడిని ఇథియోపియా క్షామ బాధితుల కొరకు ఇచ్చివేశారు. 2006లో ఆసుపత్రి నర్సుల కొరకు లండన్‌లో ఉచితముగా కచేరీ చేశారు. 2016 డిసెంబరు 25న, 53వ ఏట మరణించారు.

చిత్రమును బాల్యపు పేటలోనే వేయుటకు కారణమేమి? పెద్ద కచేరీ మందిరము ఎదుట వేస్తే అది గాయకుని కీర్తిని చూపుతుంది. చిన్ననాటి వీధిలో వేస్తే, "ఇతడు మీలో ఒకడు" అని అక్కడి పిల్లలకు చెబుతుంది. అదే నగరములోని బ్రిక్స్‌టన్ పేటలో డేవిడ్ బోవీ చిత్రము ఇందుకు మరొక నిదర్శనము. బోవీ 1947లో అక్కడ జన్మించి, ఆరేళ్ళ వయసులో ఆ పేట విడిచిపోయారు. 2013లో జేమ్స్ కాక్రన్ అనే చిత్రకారుడు అక్కడి గోడమీద ఆయన ముఖమును చిత్రించారు. 2016 జనవరి 10న బోవీ మరణించగానే జనము ఆ గోడ వద్దకే పూలు తెచ్చి, పాటలు పాడారు. సమాధి లేనిచోట గోడయే సమాధి అయినది.

ఇక మన సంగతి చూద్దాము. మన ముత్తాతలకు కూడా ముఖచిత్రములు ఉన్నవి. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరచిన వలస పత్రములలో కూలీల పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఓడ పేరు ఉన్నవి. కొందరి ఫోటోలు కూడా ఉన్నవి. కాని ఆ ఫోటోలు గౌరవము కొరకు తీసినవి కావు. తోట విడిచి తిరిగేవారిని గుర్తుపట్టి నిలుపుటకు తీసినవి. పేర్లు కూడా గుమాస్తా చెవికి వినబడినట్లే పడినవి. నాయుడు "నాయిడూ" అయినాడు, అప్పడు "అపాడూ" అయినాడు. సింహాద్రి అప్పన్న స్వామి పేరు పెట్టుకొన్నవాని మనుమడు నేడు తన పేరును ఫ్రెంచి తీరులో "అపానా" అని పలుకుతాడు. ఆ పేరులో ఒక కొండ, ఒక గుడి ఉన్నవని అతనికి చెప్పినవారు లేరు.

జార్జ్ మైకేల్ తన పేరు తానే మార్చుకొన్నాడు. మనవారి పేర్లను ఇతరులు మార్చారు. భేదము ఇదే. అయినను, మారిన పేరు వెనుక ఉన్న మనిషిని అతని వీధి మరువలేదు. మనము మరువవచ్చునా?

కావున పాఠక సోదరీ సోదరులారా, మా మనవి ఒకటి. మీ ఇంటి పెద్దలు ఉన్నప్పుడే పూర్వుల పేర్లు అడిగి తెలుగు లిపిలో వ్రాసి పెట్టండి. పత్రములలో మీవారి ఫోటో దొరికిన, ప్రతి తీయించండి. మన ఊళ్ళలో రామభజన జరిగే మందిరములకు తెల్లని గోడలు ఉన్నవి. బొమ్మలు వేయగల యువకులూ ఉన్నారు. చెరకు నరికిన ఒక ముత్తవ్వ ముఖమును అక్కడ చిత్రించి, క్రింద ఆమె పేరును తెలుగులో వ్రాయిస్తే, భజనకు వచ్చే పిల్లవాడు అక్షరములు కూడబలుకుకొని చదువుతాడు. తరువాత ఆమె ఎవరని అడుగుతాడు.