కడుపులో పాపాయి తలకిందులుగా ఎందుకుంటుంది?

"అమ్మ కడుపులో పాపాయి తల కిందికి తిరిగిందని డాక్టరమ్మ చెప్పింది. అలా ఉంటే పాపాయికి కళ్లు తిరగవా?"

మన అనుభవాన్ని బట్టి చూస్తే ఈ సందేహం రావలసిందే. గోడకు కాళ్లు ఆన్చి తలకిందులుగా నిలబడితే కాసేపటికే మన ముఖం ఎర్రబడుతుంది, తల దిమ్మెక్కుతుంది. ఒంట్లోని రక్తం తన బరువు కొద్దీ తలలోకి దిగి అక్కడ నిలుస్తుంది. చుట్టూ ఉన్న గాలికి దాన్ని ఆపే శక్తి లేదు. పాపాయి చుట్టూ ఉన్నది గాలి కాదు, ఉమ్మనీరు. నీటిలో లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. అందుకే తల దగ్గర రక్తం లోపలి నుంచి ఎంత ఒత్తుతుందో, నీరు బయటి నుంచి దాదాపు అంతే ఒత్తుతుంది. రక్తం పేరుకుపోదు. ఒంటి బరువునూ నీరే మోస్తుంది. పైగా అమ్మ నడుం వాల్చిందంటే పాపాయి కూడా పడుకున్నట్టే.

అయితే అసలు తల కిందికే ఎందుకు తిరగాలి? మొదటి నెలల్లో తిరగదు. నీరు ఎక్కువ, పాపాయి చిన్నది కాబట్టి ఇష్టమొచ్చినట్టు దొర్లుతుంది. 28 వారాలప్పుడు కూడా నలుగురైదుగురిలో ఒకరికి పిరుదులే కింద ఉంటాయి. నెలలు నిండేసరికి అలా ఉండేది నూటికి ముగ్గురో నలుగురో.

తల బరువు కాబట్టి కిందికి జారుతుందని చాలామంది అంటారు. అంతకన్నా నమ్మదగిన కారణం గర్భసంచి ఆకారంలో ఉంది. దాని పైభాగం వెడల్పు, కిందికి వచ్చేసరికి సన్నం. ముడుచుకున్న కాళ్లు, పిరుదులు కలిస్తే తలకన్నా ఎక్కువ చోటు కావాలి. కాళ్లు ఊరుకోవు కూడా, తన్నుతుంటాయి. పాపాయి పెరిగి చోటు ఇరుకయ్యేకొద్దీ, అలా తన్నుతూ కదులుతూ కాళ్లు విశాలమైన పైభాగానికి, తల ఇరుకైన కిందిభాగానికి చేరతాయి. గర్భసంచి ఆకారంలో తేడా ఉన్నా, మాయ కిందికి ఉన్నా, కవలలున్నా ఎదురుకాళ్లు ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

తల కిందికి రావడం ఒక్కటే చాలదు, వంగాలి కూడా. ఇరుకు మెడ బనీను తొడుక్కునేటప్పుడు మనం గడ్డం గుండెకు ఆన్చి నడినెత్తిని ముందుకు తోస్తాం కదా, పాపాయి చేసేదీ అదే. గడ్డం ఆన్చినప్పుడు దారికి అడ్డుపడే తల కొలత సుమారు 9.5 సెంటీమీటర్లు. తల సగం వెనక్కి వాలి నుదురు ముందుకొస్తే అది 13 దాటుతుంది. కాన్పు సాఫీగా సాగడమా, కష్టం కావడమా అన్నది ఈ కొద్ది సెంటీమీటర్ల మీద చాలావరకు ఆధారపడుతుంది. తల్లి కటి ఎముకల దారి కూడా తిన్నగా ఉండదు. మొదట అడ్డంగా వెడల్పు, చివర ముందువెనకలుగా వెడల్పు. అందుకే తల సాధారణంగా పక్కకు చూస్తూ దిగి, మెల్లగా తిరిగి, అమ్మ వెన్నువైపు ముఖం పెట్టి బయటికి వస్తుంది. పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోకపోవడం వల్ల తల కాస్త సర్దుకుంటుంది కూడా. మాడు మెత్తగా ఉండేది అందుకే.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుం పట్టు వదులుతుందని మన ఊళ్లలో ఒక నమ్మకం. నడుం మాటెలా ఉన్నా ఆ కాన్పు మాత్రం జాగ్రత్తగా చూడవలసింది. అందులో, విడిగా చూస్తే అన్నిటికన్నా పెద్దదైన తల చివర వస్తుంది. సర్దుకోవడానికి దానికి వ్యవధి ఉండదు, ఆలోగా బొడ్డుతాడు నలిగే ప్రమాదం ఉంది. బిడ్డ అడ్డంగానే ఉండిపోతే మామూలు కాన్పుకు దారే లేదు, పెద్దాపరేషన్ చేయాల్సిందే.

దాదాపు 36, 37 వారాలకు కూడా తల కిందికి రాకపోతే, తగిన వాళ్లకు డాక్టర్లు పొట్ట మీద చేతులతో ఒత్తుతూ బిడ్డను తిప్పి చూస్తారు. సుమారు సగం మందిలో ఫలిస్తుంది. స్కానింగ్‌లో చూసుకుంటూ, బిడ్డ గుండె చప్పుడు గమనిస్తూ, అవసరమైతే వెంటనే ఆపరేషన్‌కు వీలున్న ఆసుపత్రిలోనే ఈ పని చేస్తారు. ఇంట్లో ఎవరు ఎంత ప్రేమగా చెప్పినా, నూనె రాసి పొట్ట పిసికి బిడ్డను తిప్పే ప్రయత్నం చేయనివ్వకండి.