పికప్ పందేనికీ ఓ ఇంటర్వెల్!

పికప్ వ్యాన్లకు పందేలేమిటని నవ్వకండి! జీడి పిక్కల రోజుల్లో వజ్రపుకొత్తూరు, మందస వైపు నుంచి పలాస మిల్లులకు బస్తాలు మోసుకొచ్చే బండి మీకు తెలిసిందేగా. అలాంటి రూపమున్న బళ్లతో అమెరికాలో ఏటా ఓ సీజన్ నడుస్తుంది. నాస్కార్ సంస్థ దాన్ని 1995లో మొదలుపెట్టింది. ఆ ఏడు 20 పందేలు. ఫీనిక్స్‌లో మొదటిది గెలిచిన మైక్ స్కిన్నరే చివరికి ఛాంపియన్ కూడా. 2025లోనైతే టోనీ బ్రైడింగర్ అనే అమ్మాయి సీజన్ మొత్తం తోలింది!

రూపం అన్నానే గానీ, లోపల అది మన బండి కాదండోయ్. ఉక్కు గొట్టాలతో అల్లిన పంజరం, పైన తొడుగు. డ్రైవరును బెల్టులతో సీటుకి బిగించేస్తారు. టీవీలో చూసి మన గుంటలు టెక్కలి హైవే మీద అలా తోలితే ఏ పంజరం కాపాడుతుంది చెప్పండి?

నాకు నచ్చింది వేగం కాదు. మొదటి సీజన్లలో పందేన్ని సగంలో ఆపి, సినిమాకి ఇంటర్వెల్‌లా విరామం ఇచ్చేవారు. కొన్నిచోట్ల పందెం మధ్యలో టైర్లు మార్చుకునే సరైన వసతి లేక పెట్టిన ఏర్పాటది. మరి రాత్రంతా లోడు తోలే మన ఇంటి మనిషికి ఇంటర్వెల్ ఎవరిస్తారు? ఫ్లాస్కులో టీ పోసిచ్చి, "టెక్కలిలో బండాపి తాగండేం" అనండి. టీ నిద్రకి బదులు కాదు సుమా! కళ్లు మూతలు పడుతుంటే పక్కకి ఆపి ఓ కునుకు తియ్యమనండి. ఆలస్యమైతే సేటు నాలుగు మాటలంటాడు, అననివ్వండి.