ఫైలునకు పుట్టుపేరు
కంప్యూటరు దస్త్రములలో మూలనామమును కాపాడుట

పంచాయతీ కార్యాలయమునకు ఒక ఉత్తరము వచ్చినపుడు, దానిపై పంపినవారు వేసిన నంబరు, తేదీ ఉండును. కార్యదర్శి దానిని ఇన్వర్డు రిజిస్టరులో చేర్చి, మన నంబరును కూడ వేయును. అంతియే గాని, పంపినవారి నంబరును కొట్టివేయడు. జవాబు వ్రాయునపుడు సూచికగా ఆ నంబరునే ఉదాహరింతుము. అది లేనిచో మన జవాబు ఏ వ్యవహారమునకు సంబంధించినదో అవతలివారు పోల్చుకొనజాలరు.

నేడు పంచాయతీ కాగితములు పెక్కు కంప్యూటరు ఫైళ్ల రూపమున వచ్చుచున్నవి. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్‌లో ప్రణాళికలు, జమాఖర్చులు కూడ కంప్యూటరునకు ఎక్కుచున్నవి. ఇట్టి ఫైళ్లను భద్రపరచి, వలసినపుడు వెదకి తీయుటకు దస్త్రముల నిర్వహణ సాఫ్ట్‌వేర్లు ఏర్పడినవి. ఇన్వర్డు రిజిస్టరు నేర్పిన నియమము వీనికిని వర్తించును.

మూలనామ మనగా నేమి?

ఫైలు మన చేతికి వచ్చినపుడు దానికి ఉన్న పేరే మూలనామము. అది పంపిన ఇంజనీరు పెట్టినది కావచ్చును; స్కానరుగాని కెమెరాగాని తనంతట తాను పెట్టినది కావచ్చును. సాఫ్ట్‌వేరులో చేరిన పిమ్మట ఆ ఫైలు వేరొక పేరుతో నిలువ యగుట సాధారణము. ఇందులో తప్పు లేదు. ఆ మార్పునకు మూడు కారణములు గలవు.

మొదటిది, ఒకే పేరు గల ఫైళ్లు ఎదురగుట. కెమెరాలు సాధారణముగా ఫోటోలకు నాలుగంకెల వరుస సంఖ్యలు వేయును. 9999 దాటిన పిమ్మట మరల 0001 వచ్చును. రెండు ఫైళ్లు ఒకే పేరుతో ఒకే ఫోల్డరులో ఇమడవు.

రెండవది, కొన్ని గుర్తులు పేరులో పనికిరాకుండుట. తీర్మానము నంబరును 12/2024 అని ఏటవాలు గీతతో వ్రాయుట మన వాడుక. విండోస్ కంప్యూటరు ఆ గీతను ఫైలు పేరులో అంగీకరింపదు.

మూడవది పేరు నిడివి. లినక్స్ కంప్యూటర్లలో సాధారణముగా ఒక ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరమునకు మూడు బైట్లు, గుణింతపు గుర్తునకు మరి మూడు బైట్లు పట్టును. 'పంచాయతీ' అను నాలుగక్షరముల మాటకే 21 బైట్లు కావలెను. కావున తెలుగులో పొడవైన పేరు పెట్టినచో హద్దు త్వరగా వచ్చును.

ఒక సాఫ్ట్‌వేరు చూపిన మార్గము

ఎవరైనను ఉచితముగా వాడుకొనదగిన పేపర్‌లెస్-ఎన్‌జీఎక్స్ అను సాఫ్ట్‌వేరును ఉదాహరణముగా చూతము. మనము వేరే ఏర్పాటు చేయనిచో, అది ప్రతి ఫైలును 0000123 వంటి సంఖ్యతో నిలువచేయును. వచ్చిన ఫైలును ఒక ఫోల్డరులోను, చదువుటకును వెదకుటకును అనుకూలముగా తాను సిద్ధపరచిన ప్రతిని వేరొక ఫోల్డరులోను ఉంచును. మూలనామమును మాత్రము తన జాబితాలో ప్రత్యేకముగ వ్రాసికొనును; వివరముల పుట తెరచినచో అది కనబడును. సంవత్సరము, పంపినవారి పేరు, శీర్షికలను బట్టి నిలువ పేర్లు ఏర్పడునట్లు మనము నిర్ణయింపవచ్చును. రెండు పేర్లు ఒకటైనచో చివర 01, 02 అని అదియే చేర్చుకొనును.

ఒక హెచ్చరిక కలదు. ఆ ఫోల్డరులోని ఫైళ్ల పేర్లను చేతితో మార్చరాదు. జాబితాలో ఒక పేరు, ఫోల్డరులో వేరొక పేరు ఉన్నచో సాఫ్ట్‌వేరు ఆ ఫైలు లేదనియే చెప్పును. రిజిస్టరులో వ్రాయకయే బీరువాలోని కట్టలను తారుమారు చేయుట వంటిదే ఇది.

పేరు పోయిన కలుగు నష్టము

ఒక గ్రామమున మురుగు కాలువ పని ముగిసినదని అనుకొందము. ఇంజనీరు మొదట 'కాలువ కొలతలు 1' అను ఫైలును, పొరపాట్లు దిద్ది 'కాలువ కొలతలు 2 సవరించినది' అను ఫైలును పంపెను. కార్యాలయములో రెండింటికిని 'కాలువ పని' అనియే శీర్షిక పెట్టిరి. బిల్లు ఏ కొలతలపై చెల్లించితిరని ఆడిట్ వారు అడిగిరి. ఇంజనీరు ఉత్తరములో ఉన్నది అతడు పెట్టిన ఫైలు పేరే. మూలనామము జాబితాలో ఉన్నచో ఆ ఫైలు క్షణములో దొరకును. లేనిచో రెండు ఫైళ్లు ఒకే తీరుగా కనబడును, ఆక్షేపణ నిలిచిపోవును, మిగిలిన సొమ్ము ఆగును, పనిచేసిన కూలీలు పంచాయతీ గుమ్మము చుట్టు తిరుగుదురు. సర్పంచు నిజాయితీపరుడైనను సమాధానము చెప్పుకొనలేడు.

చట్టము చెప్పునది

సమాచార సాంకేతిక చట్టము, 2000 లోని 7వ సెక్షను ప్రకారము, భద్రపరచవలసిన ఎలక్ట్రానిక్ రికార్డు ఎచ్చట పుట్టినది, ఎచ్చటికి పోయినది, ఎప్పుడు పంపబడినది లేక అందినది తెలుపు వివరములు దానితో ఉండవలెను. మూలనామమును ఈ సెక్షను పేర్కొనలేదు గాని, ఫైలు పుట్టుక తెలిసికొనుటకు అది మంచి ఆధారము. సమాచార హక్కు చట్టము, 2005 లోని 4వ సెక్షను రికార్డులను జాబితాలతో, సూచికలతో సక్రమముగ నిర్వహింపవలెనని ఆదేశించుచున్నది.

అయితే పేరు మాత్రమే సాక్ష్యము కాజాలదు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను క్రింద ఇచ్చు ధ్రువపత్రములో ఫైలు 'హ్యాష్' విలువను వ్రాయవలెను. ఇది ఫైలునకు వ్రేలిముద్ర వంటిది. లోపలి విషయము ఏ కొంచెము మారినను ఇది మారును. పేరు మాత్రము మార్చినచో మారదు. ఫైలు మారలేదని వ్రేలిముద్ర తెలుపును. అది ఏ పేరుతో మనకు చేరినదో మూలనామము తెలుపును. రెండును కావలెను.

సభ్యులు గమనింపవలసినవి

1. సాఫ్ట్‌వేరు కొనుటకు ముందు, అది మూలనామమును వేరుగా దాచునా, ఆ పేరుతో వెదకవచ్చునా అని అడుగవలెను.

2. తేదీని 2024-08-15 వలె సంవత్సరము ముందుగా వ్రాయవలెను. అట్లైన ఫైళ్లు తేదీల వరుసలో నిలుచును.

3. వాట్సాప్‌లో ఫోటోగా పంపిన దానికి పేరు మారిపోవును. డాక్యుమెంటుగా పంపవలసినదని పంపువారిని కోరవలెను.

4. సాఫ్ట్‌వేరు లేని పంచాయతీలలో ఒక రిజిస్టరు చాలును: మన నంబరు, వచ్చిన తేదీ, పంపినవారు, మూలనామము, ప్రస్తుతపు పేరు.

5. ప్రతుల నకళ్లు తీసి దాచునపుడు ఈ జాబితాకు కూడ నకలు తీయవలెను.

వీనికి పెద్ద వ్యయము లేదు. కార్యదర్శి బదిలీపై పోవచ్చును, పాలకవర్గము మారవచ్చును, కంప్యూటరు పాతది కావచ్చును. పదేండ్ల తరువాత ఒక రైతు వచ్చి తన కాగితము ఏమైనదని అడిగినపుడు, అతడు చెప్పిన పేరుతోనే దానిని వెదకి ఇవ్వగలిగిన పంచాయతీయే ప్రజల విశ్వాసమునకు పాత్రమగును. రాబోవు సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టి, ఒక రిజిస్టరుతోనైనను ఈ పని ప్రారంభింప వలసినదిగా సభ్యులకు మనవి.