వీడర్ వేడెక్కాక మిస్సింగ్ కొడుతోందా? కార్బొరేటర్ విప్పేముందు ఇవి చూడండి

పసుపు సాళ్లలో పవర్ వీడర్ తోలడం మీద వీడియో పెట్టాక నాకు వచ్చిన ఫోన్లలో సగం కలుపు గురించి కాదు, ఇంజిన్ గురించే. "పొద్దున ఒక్క లాగుకే స్టార్టవుతుంది అన్నా, అరగంట తోలాక మిస్సింగ్ కొట్టి ఆగిపోతుంది. చల్లారితే మళ్లీ మామూలే." ఈ జబ్బు నా బండికీ వచ్చింది. దాన్ని పట్టుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. తెలిసుంటే అరగంట పని.

కొల్లూరు దగ్గర లంకలో మాకు బాబాయి వరసయ్యే రైతుది అరటితోట. మూడేళ్లుగా జీవామృతం, ఆచ్ఛాదన తప్ప వేరే మందు ముట్టలేదు. వానలు ఆగాక నేల పదునుకొచ్చింది. ఆ పదును ఉండేది రెండు మూడు రోజులే, దాటితే నేల గట్టిపడి టైన్లు దిగవు. నా వీడర్ కిరాయికి తీసుకెళ్లా. ఇరవై అయిదు నిమిషాలు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత లోడు పడ్డప్పుడల్లా టప్ టప్‌మని సైలెన్సర్లో కొట్టడం, ఉన్నట్టుండి ఆగిపోవడం. కాసేపు చెట్టు కింద పెడితే మళ్లీ స్టార్టు, పది నిమిషాలకు మళ్లీ అదే.

బాబాయి గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. "అబ్బాయ్, నీ బండి చల్లారేలోపు నా తోటలో గడ్డి మోకాలెత్తు అవుద్ది. ఎల్లుండికి కాకపోతే గడ్డిమందు కొట్టించేస్తా" అన్నాడు. కోపంతో అన్న మాట కాదు, కూలీలు దొరకని రైతు లెక్క అది. కానీ ఒక్కసారి గడ్డిమందు పడితే ఆ మూడేళ్లు ఏమైనట్టు?

సాయంత్రం బండిని తెనాలి తీసుకెళ్లి కార్బొరేటర్ కడిగించా, ప్లగ్గు కొత్తది వేయించా. షాపు ముందు పది నిమిషాలు ఆడిస్తే గంటలా మోగింది. మర్నాడు లంకలో సరిగ్గా ఇరవై అయిదు నిమిషాలకు ఆగింది. మెకానిక్‌ని ఏం అనడానికీ లేదు. అతని దగ్గరికి చేరేసరికి ఇంజిన్ చల్లారిపోయింది, చల్లటి ఇంజిన్లో ఈ జబ్బు కనపడదు. జ్వరం దిగాక డాక్టర్ దగ్గరికి పోయినట్టే. అందుకే ఈ పరీక్ష పొలంలోనే, ఇంజిన్ ఆగిన మొదటి రెండు మూడు నిమిషాల్లోనే చేయాలి. ప్లగ్గు పానా, ఒక మంచి స్పేర్ ప్లగ్గు, మందపాటి గ్లౌజులు ముందే పక్కన పెట్టుకుని, కావాలనే బండిని ఆగేదాకా తోలండి.

ఆగేటప్పుడు ఎలా ఆగిందో గమనిస్తే సగం సంగతి తెలిసిపోతుంది. పెట్రోల్ అందకపోతే ఇంజిన్ ఒక్కసారిగా చావదు. రొప్పుతూ, స్పీడు ఎక్కుతూ దిగుతూ నీరసంగా ఆగుతుంది. ఆ సమయంలో చోక్ సగం మూస్తే క్షణకాలం పుంజుకుంటుంది. స్పార్కు పోతే చోక్ వేసినా లాభం ఉండదు, స్విచ్ ఆపినట్టు ఠక్కున పోతుంది, సైలెన్సర్లో పేలుతుంది. ఇక తాడు లాగుతుంటే ఎదురు బలం లేకుండా తేలిగ్గా వచ్చేస్తోందంటే కంప్రెషన్ పోతోందని అర్థం, వాల్వుల వైపు చూడాలి.

ముందు తేలికది చేయండి. ఆగగానే ట్యాంకు మూత కాస్త వదులు చేయండి. "ఫుస్" మని గాలి లోపలికి పీల్చుకుని, ఆపైన బండి స్టార్టయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టే. ట్యాంకులోకి గాలి రాకపోతే పెట్రోల్ కిందికి దిగదు. బాపట్ల ఇసుక నేలల్లో వేరుశనగ చేసే ఒక మిత్రుడికి ఇదే అయింది. మూత విప్పి సబ్బు నీళ్లతో కడిగితే సరిపోయింది, పైసా ఖర్చు కాలేదు. నా బండికి మాత్రం మూత వదులు చేసినా తేడా లేదు.

తర్వాత స్పార్కు. ప్లగ్గు క్యాప్ పీకి స్పేర్ ప్లగ్గు తగిలించి, దాని లోహపు భాగాన్ని ఇంజిన్ బాడీకి ఆనించి తాడు లాగండి. అసలు ప్లగ్గు విప్పకండి, ఆ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి వచ్చి అంటుకునే ప్రమాదం ఉంది. ట్యాంకు మూత బిగించి, ట్యాంకుకు దూరంగా ఉండే వైపు చూసుకోండి. ఆ రోజు లంకలో నేను ఇలా చూస్తే స్పార్కు అసలు లేదు. ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ చూస్తే నీలం రంగులో చక్కగా కొట్టింది. దొంగ దొరికాడు.

అప్పుడు కూడా వెంటనే కాయిల్ కొనకండి. స్విచ్, ఆయిల్ తగ్గితే ఇంజిన్ ఆపే సెన్సర్, ఈ రెండూ ఒక సన్న వైరు ద్వారా కాయిల్‌ను చంపుతాయి. ఆ వైరు పీకి మళ్లీ చూడాలి. (అది పీకితే స్విచ్‌తో బండి ఆగదు, చోక్ పూర్తిగా మూసి ఆపుకోవాలి.) ఆయిల్ తగ్గి, బోదె మీద బండి ఒరిగినప్పుడల్లా ఆగే బండ్లు కూడా చూశాను. వైరు పీకినా వేడిలో స్పార్కు రాకపోతే అప్పుడు కాయిలే. మల్టీమీటర్‌తో చూస్తే బాగుందని చూపించవచ్చు, నమ్మకండి. మీటర్ పెట్టేది చిన్న బ్యాటరీ కరెంటు, ప్లగ్గుకు కావలసింది వేల వోల్టులు. వేడికి లోపలి ఇన్సులేషన్ వదులైతే ఆ ఒత్తిడికే లీకవుతుంది.

కొత్త కాయిల్ వేయడానికి ఫ్యాన్ కవర్ విప్పినప్పుడు అసలు విషయం బయటపడింది. సిలిండర్ రెక్కల మధ్య ఎండు అరటాకు పీచు, మట్టి కలిసి పిడకలా అట్టకట్టి ఉంది. ఈ ఇంజిన్లను చల్లబరిచేది ఫ్లైవీల్ ఫ్యాను తోసే గాలి ఒక్కటే. ఆ దారి మూసుకుంటే కాయిల్ కూడా ఆ కవర్ కిందే ఉడికిపోతుంది. శుభ్రం చేయకుండా కొత్త కాయిల్ వేసి ఉంటే అదీ అదే దారి పట్టేది. ఇంజిన్ వేడిగా ఉండగా మాత్రం నీళ్లు కొట్టకండి, హెడ్డు పగలొచ్చు. చల్లారాక చీపురుపుల్ల, బ్రష్షు, గాలి చాలు.

కాయిల్ బిగించేటప్పుడు ఫ్లైవీల్ మాగ్నెట్‌కు దానికీ మధ్య 0.4 మి.మీ. ఖాళీ ఉండాలి. విజిటింగ్ కార్డు పెట్టి బిగిస్తే దాదాపు సరిపోతుంది. ప్లగ్గు గ్యాప్ 0.7 నుంచి 0.8. వాల్వులైతే 163 సీసీ జీఎక్స్ 160 ఇంజిన్‌కు లోపలిదానికి 0.15, ఎగ్జాస్ట్‌కు 0.20, పూర్తిగా చల్లారాక ఫీలర్ గేజ్‌తో చూడాలి. వేరే ఇంజిన్ అయితే దాని పుస్తకం చూడండి. రేపల్లె వైపు ఒక బండికి ఎగ్జాస్ట్ గ్యాప్ దాదాపు సున్నా అయిపోయింది. వేడెక్కగానే వాల్వు పూర్తిగా మూసుకోక బలం పోయేది. దానికి రెండు కార్బొరేటర్లు మార్చారట!

ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, మన సముద్రం దగ్గరి గాలిలో తేమకు తక్కువ లేదు. సీజను అయిపోగానే ట్యాంకు, కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేయండి. పాత రబ్బరు పైపులు ఉబ్బినా, పగిలినా మార్చేయండి.

మూడో రోజు మధ్యాహ్నానికి బండి లంకలో దిగింది. గంటన్నర ఆపకుండా తోలా, ఒక్క మిస్సింగ్ లేదు. పదును అప్పటికే కాస్త తగ్గింది, చివరి నాలుగు సాళ్లు గట్టిగా తగిలాయి, వాటిని మర్నాడు ఇద్దరు కూలీలతో గొర్రు వేయించాడు బాబాయి. గడ్డిమందు మాట మళ్లీ ఎత్తలేదు. కిరాయిలో మాత్రం రెండు రోజులు కోసేశాడు.