మరుగున జరుగు సేవ

సేవ యను మాట మన పాఠశాలలో తరచుగా వినబడును. ప్రార్థన కూటములయందును, బహుమాన ప్రదాన సభలయందును దానిని వినని విద్యార్థి లేడు. ఐనను సేవ చేయుటకును, సేవ చేసితినని చూపుకొనుటకును గల భేదమేమని యడిగినచో వెంటనే బదులు చెప్పుట సులభము కాదు. ఆ భేదమును మాకు తెలిసినంతవరకు వివరింప బూనితిమి.

యోహాను సువార్త 13వ అధ్యాయమున ప్రభువు శిష్యుల పాదములు కడిగిన వృత్తాంతము గలదు. ఆ కాలమున పాలస్తీనా దేశస్థులు చెప్పులు తొడిగి దుమ్ము బాటల నడచెడివారు. కావున ఇంటికి వచ్చినవారి కాళ్లకు నీళ్లిచ్చుట అచ్చటి మర్యాద. మన పెద్దలును అట్లే చేయుచుండిరి గదా! ఐతే నీళ్లిచ్చుట వేరు, వంగి పాదములు కడుగుట వేరు. కడుగుట దాసుని పని. ఆ రాత్రి గదిలో నీళ్లుండెను, పళ్లెముండెను, తువాలుండెను; కడుగువాడు మాత్రము లేడు. తమలో నెవడు గొప్పవాడని ఆ భోజన సమయమున శిష్యులు వాదించుకొనిరని లూకా సువార్త 22వ అధ్యాయము తెలుపుచున్నది. అట్టి వాదము గల చోట పళ్లెము నొద్దకు పోవువాడెవడు? గురువే లేచి తువాలు కట్టుకొనెను. ఆయనను ఎవరును నిర్బంధింపలేదు. ఇది ముఖ్యము. బీదవానిపైనను, బలహీనునిపైనను బలిమిని మోపిన చాకిరి వినయము కాదు. చేయక తప్పించుకొనగలవాడు ప్రేమచేత చేయునదే వినయము.

ఇచ్చట నొక సందేహము కలుగవచ్చును. మత్తయి సువార్త 6వ అధ్యాయమున ధర్మము రహస్యముగా చేయవలెనని ప్రభువు బోధించెను. 5వ అధ్యాయముననో, మన సత్క్రియలు మనుష్యులకు వెలుగువలె కనబడవలెనని బోధించెను. ఈ రెండును పొసగునా? పొసగును. మొదటిది చేయువాని యుద్దేశమును గూర్చినది. రెండవది పని ఫలమును గూర్చినది. దీపము వెలిగినచో జనులు దారి చూచుకొందురు గాని, దీపస్తంభమును పొగడుచు నిలువరు. పని కనబడవచ్చును, మనము కనబడుటకై పని చేయరాదు.

గుంటూరు చరిత్రలో దీనికి మంచి దృష్టాంతము గలదు. 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించిన ఆనా సారా కుగ్లరు దొరసానిగారు 1879లో వైద్యవిద్యయందు పట్టము పొంది, 1883లో లూథరను మిషను పక్షమున గుంటూరు చేరిరి. ఐతే ఆమెను పంపినవారు అప్పటికి వైద్యసేవ ప్రారంభించుటకు సిద్ధముగా లేరు. స్త్రీలకును బాలికలకును విద్య నేర్పు పని ఆమె కప్పగింపబడెను. ఇది తన చదువునకు తగినది కాదని ఆమె త్రోసివేయలేదు. ఆ పని చేయుచునే రోగులకు మందులిచ్చుచుండిరి. పురుష వైద్యుని యెదుటికి రానొల్లని స్త్రీలు ఆ దినములలో అనేకులు. 1885లో గాని ఆమె వైద్య మిషనెరీగా నియమింపబడలేదు. 1898లో స్త్రీలకొరకు ఆసుపత్రి తెరువబడెను. 1905లో ప్రభుత్వమువారు కైసర్-ఇ-హింద్ పతకము నొసగిరి. లెక్కించి చూడుడు: పతకము వచ్చునప్పటికి ఆమె సేవ ఇరువది రెండేండ్లు నడచియుండెను. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూసిరి.

ఆ ఆసుపత్రికి ఆమె పేరు నిలిచినది, అది న్యాయమే. ఐనను ఆసుపత్రి యొక్కరి చేతులతో నడువదు. రోగుల గుడ్డలుతికినవారు, నీళ్లు మోసినవారు, రాత్రులు మేల్కొని మంచము నొద్ద కూర్చున్నవారు ఎందరో యుందురు. వారి పేర్లలో మనకు తెలిసినవెన్ని?

ఈ సంచికలోనే బహుమానములు పొందినవారి పేర్లను అచ్చు వేయుచున్నాము. అందు తప్పు లేదు. కాని వసతి గృహమున జ్వరముతో పడియున్న తోటివానికి గంజి తెచ్చి త్రాగించినవాని పేరు ఈ పుటలలో లేదు. మేము వెదకనును లేదు. వెదకి ప్రకటించినచో వాని సంతోషమును దొంగిలించినవారమగుదుము.

విద్యార్థులారా, మిమ్మును మీరే యిట్లు పరీక్షించుకొనుడు: ఎవరును చూడనిచో ఈ పని చేయుదునా? ఇతరునికి మెప్పు వచ్చినచో సంతోషింతునా? నా చదువునకు తక్కువైన పని యిచ్చినచో చేయుదునా? తలిదండ్రులారా, బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు మార్కుల నడుగుడు. ఎవరికి తోడ్పడెనో కూడ నడుగుడు, కాని ఆ బదులును ఇరుగుపొరుగులకు చెప్పకుడు. పళ్లెమును తువాలును నేటికిని మన మధ్య నున్నవి. వానిని అందుకొను చేతులను దేవుడు మనకు దయచేయును గాక!