పొత్తు కుదిరితేనే పలుకు

పలికేవాడు, వినేవాడు ఉన్నంత మాత్రాన సంభాషణ సిద్ధించదు. ఇద్దరికీ తెలిసిన భాష ఒకటి ఉండాలి. మనుషుల విషయంలో అందరూ ఎరిగిన ఈ సత్యాన్ని యంత్రాల విషయంలో తరచుగా విస్మరిస్తుంటారు. పోలీసుల చేతుల్లోను, రైల్వే సిబ్బంది వద్దను, జాతరలలో సేవకుల వద్దను కనిపించే వాకీటాకీలు చూపులకు ఒకే తీరుగా ఉంటాయి. అయినా ఒక శాఖవారి రేడియోలో పలికిన మాట, పక్కనే నిలిచిన మరొక శాఖవారి రేడియోలో వినిపించకపోవచ్చు.

వాకీటాకీలో ప్రసారిణి, గ్రాహకం రెండూ ఒకే పెట్టెలో ఇమిడి ఉంటాయి. మీట నొక్కితే అది పలుకుతుంది, వదిలితే వింటుంది. రెండు పెట్టెల నడుమ పొత్తు కుదరాలంటే ముఖ్యంగా నాలుగు అంశాలు సరిపోలాలి.

మొదటిది పౌనఃపున్యం. అంటే తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో తెలిపే సంఖ్య. 150 మెగాహెర్ట్జ్ వద్ద పలికే రేడియో మాట 450 మెగాహెర్ట్జ్ వద్ద వేచి ఉన్న రేడియోకు అందదు. ఛానల్ సంఖ్యను నమ్ముకోవడమూ పొరపాటే. ఐరోపాలోని పీఎంఆర్ రేడియోలో ఐదవ ఛానల్ 446.05625 మెగాహెర్ట్జ్ కాగా, అమెరికాలోని ఎఫ్ఆర్ఎస్ రేడియోలో అదే ఐదవ ఛానల్ 462.6625 మెగాహెర్ట్జ్. పేరు ఒకటే, ఊరు వేరు.

రెండవది పలుకును తరంగంపై ఎక్కించే విధానం. తరంగపు ఎత్తును మార్చే పద్ధతి ఏఎం; పౌనఃపున్యాన్ని మార్చే పద్ధతి ఎఫ్ఎం. పలుకును అంకెలుగా మార్చి పంపే పద్ధతి డిజిటల్. డిజిటల్‌లో సైతం టెట్రా, డీఎంఆర్, పీ25 అనే పద్ధతులు వేర్వేరు భాషల వంటివి. మూడవది ఛానల్ వెడల్పు. ఒకటి 25 కిలోహెర్ట్జ్‌కు, మరొకటి 12.5 కిలోహెర్ట్జ్‌కు అమర్చి ఉంటే మాట సన్నగానో, వికృతంగానో వినిపిస్తుంది. నాలుగవది సంకేత స్వరం. మాటతోపాటు ఒక మంద్రస్వరాన్ని కూడా పంపే ఏర్పాటు అనేక రేడియోలలో ఉంది. తన స్వరం వినిపిస్తేనే గ్రాహకం తలుపు తీస్తుంది. లేకుంటే మౌనం వహిస్తుంది.

ఈ పొంతన లోపం కొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా పదాతిదళం రేడియోలు, యుద్ధ ట్యాంకుల రేడియోలు వేర్వేరు పౌనఃపున్యాలపై పనిచేసేవి. 1944లో నార్మండీ పోరులో ట్యాంకు వెనుక భాగాన ఒక టెలిఫోను తగిలించి, సైనికులు దాని ద్వారా లోపలివారితో మాట్లాడవలసి వచ్చింది.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో ఈ లోపం మరింత విషాదకరంగా బయటపడింది. ప్రపంచ వాణిజ్య కేంద్రపు దక్షిణ సౌధం ఉదయం 9:59కి కూలింది. ఉత్తర సౌధం కూడా ఎంతోసేపు నిలవదని పోలీసు హెలికాప్టర్ నుండి 10:08కి హెచ్చరిక వెలువడింది. పోలీసుల రేడియోలలో ఆ మాట వినిపించింది. అగ్నిమాపక దళం రేడియో వ్యవస్థ వేరు కనుక వారికది చేరలేదు. 10:28కి ఆ సౌధమూ నేలకూలింది. ఆనాడు అసువులు బాసిన అగ్నిమాపక సిబ్బంది 343 మంది. రేడియోల లోపమొక్కటే ఇందుకు కారణం కాదు. వెనుదిరగమని వారి అధికారులూ ఆజ్ఞాపించారు. అది కొందరికి చేరింది, కొందరికి చేరలేదు. ఉత్తర సౌధంలో పునఃప్రసార సాధనానికి నొక్కవలసిన మీటలు రెండు కాగా, ఒకటే నొక్కడం వల్ల అది పనిచేయడం లేదని అధికారులు భావించారు. సాధనం ఉన్నా, దాని వాడుక ఎరుగకపోతే లేనట్లే.

దీనికి నివారణోపాయాలు లేకపోలేదు. అన్ని శాఖలకూ ఒక ఉమ్మడి ఛానల్‌ను ముందే కేటాయించవచ్చు. ఒక రేడియో విన్న మాటను మరొక రేడియో ద్వారా పలికించే వారధి యంత్రాన్ని నెలకొల్పవచ్చు. అదీ లేనిచోట ఒక్కొక్క శాఖ ప్రతినిధి తన రేడియోతో ఒకే చోట కూర్చుంటే చాలు. అమెరికా 2012లో సహాయక దళాలన్నింటికీ ఉమ్మడి వ్యవస్థ కోసం చట్టం చేసింది. అయితే ఎవరికి వారు ఇష్టం వచ్చిన పౌనఃపున్యాన్ని వాడరాదు. భారతదేశంలో వాకీటాకీలకు సాధారణంగా కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అవసరం. 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జ్ వరకు పనిచేసే అల్పశక్తి సాధనాలకు మాత్రం 2018 నాటి నిబంధనలు మినహాయింపునిచ్చాయి.

ఇల్లు కాలుతుండగా బావి తవ్వడం అవివేకమని మన పెద్దలు హెచ్చరించారు. తుపాను వచ్చిన వేళ, మంటలు ఎగసిన వేళ ఏ ఛానల్‌లో మాట్లాడాలో వెతుక్కోవడమూ అటువంటిదే. ఆపదలో ప్రాణం నిలిపే పొత్తును శాంతికాలంలోనే కుదుర్చుకోవాలి.