తత్త్వశాస్త్ర శాఖ లేని కళాశాలలో తత్త్వాధ్యయనం – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
తత్త్వశాస్త్ర బోధన అంటే తత్త్వవేత్తల సిద్ధాంతాలను తెలియజెప్పడమా? విద్యార్థిని స్వయంగా విచారణకు సిద్ధం చేయడమా? అమెరికాలో అనాపొలిస్ నగరంలోని సెయింట్ జాన్స్ అనే చిన్న లిబరల్ ఆర్ట్స్ కళాశాల రెండవ మార్గాన్ని ఎంచుకొన్నది. స్ట్రింగ్‌ఫెలో బార్, స్కాట్ బుకానన్‌లు 1937లో ప్రవేశపెట్టిన ప్రణాళికే అక్కడ నేటి విద్యకు పునాది. 1964లో శాంటా ఫే నగరంలో రెండవ ప్రాంగణం ప్రారంభమైంది. ఈ విధానంలోని బలాన్ని, పరిమితిని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. అధ్యయన విధానం:
ఈ కళాశాలలో తత్త్వశాస్త్రానికి ప్రత్యేక శాఖ లేదు. విద్యార్థులందరూ నాలుగేళ్ళపాటు దాదాపు ఒకే గ్రంథక్రమాన్ని చదువుతారు. మొదటి సంవత్సరంలో ప్లేటో, అరిస్టాటిల్. తరువాతి సంవత్సరాలలో డెకార్ట్, హ్యూమ్, కాంట్, హెగెల్ మొదలైనవారి మూలగ్రంథాలు ఉంటాయి. వారానికి రెండు సాయంత్రాలు సుమారు ఇరవై మంది విద్యార్థులు ఇద్దరు అధ్యాపకులతో కలిసి బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక అధ్యాపకుడు ఒక ప్రశ్న వేస్తాడు. ఉపన్యాసం ఉండదు, చర్చ మాత్రమే సాగుతుంది.

గణితం, భాష కూడా ఈ విచారణలో భాగాలే. యూక్లిడ్ సిద్ధాంతాన్ని నల్లబల్ల దగ్గర నిరూపించిన విద్యార్థికి నిరూపణ అంటే ఏమిటో అనుభవంలోకి వస్తుంది. ప్రాచీన గ్రీకు నేర్చినవారు ప్లేటో ‘మెనో’లోని ‘అరెటే’ అనే పదాన్ని ‘సద్గుణం’ అనాలా, ‘శ్రేష్ఠత్వం’ అనాలా అని ఆలోచిస్తారు. పదం మారితే, దానిని నేర్పగలమా అన్న ప్రశ్న స్వరూపమే మారుతుంది.

3. బలం – పరిమితి:
చర్చలో “కాంట్ ఇలా అన్నాడు” అని చెప్పడం సరిపోదు. ఎందుకు అన్నాడో, అది ఎంతవరకు నిలుస్తుందో విద్యార్థి తన మాటల్లో చూపాలి. ఇదే ఈ విధానంలోని బలం.

అయితే ఇక్కడ వ్యాఖ్యానాలకు, చారిత్రక నేపథ్యానికి ప్రాధాన్యం తక్కువ. సూత్రాన్ని భాష్యంతో కలిపి చదివే భారతీయ శాస్త్రాధ్యయన సంప్రదాయానికి ఇది భిన్నమైనది. పూర్వుల వాదప్రతివాదాలు తెలియనప్పుడు, ఎప్పుడో ఖండితమైన అర్థాన్నే విద్యార్థి కొత్తదిగా భావించే ప్రమాదం ఉంది. పైగా డిగ్రీ స్థాయి గ్రంథక్రమం ప్రధానంగా పాశ్చాత్యమైనది. సంస్కృతంతో కూడిన ప్రాచ్య గ్రంథాధ్యయనం శాంటా ఫేలో స్నాతకోత్తర స్థాయిలో లభిస్తుంది.

4. ముగింపు:
భాష్యం లేని పఠనం సాహసాన్ని ఇస్తుంది. భాష్యంతో కూడిన పఠనం జాగ్రత్తను నేర్పుతుంది. మూలగ్రంథాన్ని ముందుగా స్వయంగా ప్రశ్నించి, ఆ తరువాత వ్యాఖ్యాతలను ఆశ్రయించే క్రమం ఈ రెంటినీ సమన్వయం చేయగలదు. తత్త్వాన్ని పరీక్ష కోసం కంఠస్థం చేసే స్థితి ఉన్న ప్రతిచోటా ఈ క్రమం పరిశీలించదగినది.